ఛార్జింగ్ బండిలో నీరటి

ఛార్జింగ్ బండికి పెట్రోలు అక్కరలేదు. పొగ రాదు. చప్పుడు ఉండదు. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్నే బండి సిద్ధం. కూరగాయలు అమ్మేవాళ్లు, పాలు పోసేవాళ్లు, కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేవాళ్లు ఎందరో ఆడవాళ్లు ఇప్పుడు ఈ బండ్లు నడుపుతున్నారు.

ఒక రోజు బండి కదలదు. తాళం తిప్పితే లైటు వెలుగుతుంది. ఎక్సలేటరు తిప్పితే మాత్రం చక్రం తిరగదు. షెడ్డుకు తోసుకుపోతే తరచుగా వినిపించే మాట ఒకటుంది. "కంట్రోలరు పోయింది. కొత్తది వెయ్యాలి."

కంట్రోలరు అంటే ఏమిటి? అది నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కొత్తది కొనాలంటే ఏది కొనాలి? ఈ మూడూ తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఆ రోజు బేరం కూడా పోకుండా ఉంటుంది.

చెరువు, పొలం, నీరటి

చెరువు నిండా నీళ్లున్నాయి. కింద మూడు మళ్లున్నాయి. నీళ్లు వాటంతట అవి సరిగ్గా పారవు. తూము దగ్గర ఒక మనిషి కావాలి. ఆయనే నీరటి. ఏ మడికి ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి, అంతా ఆయనే చూస్తాడు.

ఛార్జింగ్ బండిలో బ్యాటరీ చెరువు. మోటారు పొలం. కంట్రోలరు నీరటి.

చాలా బండ్లలో మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. కంట్రోలరు సీటు కిందో, కాళ్లు పెట్టే పలక కిందో ఉంటుంది. అది చిన్న అల్యూమినియం పెట్టె. దాని నుంచి రంగురంగుల తీగలు బయటికి వస్తాయి.

మోటారులో రాగి తీగ చుట్లు మూడు జట్లుగా ఉంటాయి. వాటికి కరెంటు ఒకదాని తర్వాత ఒకటిగా అందాలి. అప్పుడే చక్రం తిరుగుతుంది. పొలంలో మోటారుకు త్రీఫేజు కరెంటు కావాలని అందరికీ తెలుసు. అక్కడ మూడు ఫేజులూ స్తంభం మీంచే వస్తాయి. బండిలో బ్యాటరీ ఇచ్చేది ఒకే తీరు కరెంటు. దాన్ని మూడు ఫేజులుగా పంచేది కంట్రోలరు.

ఈ పెట్టెలో మాస్‌ఫెట్లు అనే చిన్న స్విచ్చులు ఉంటాయి. చిన్న కంట్రోలరులో ఆరు ఉంటాయి. పెద్దవాటిలో తొమ్మిది, పన్నెండు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. ఇవి చేత్తో వేసేవి కావు. లోపలున్న చిప్పు చెప్పినట్టు సెకనుకు వేలసార్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఎక్సలేటరు ఎంత తిప్పితే అంత కరెంటు వదులుతాయి.

నీరటి మళ్లను కళ్లతో చూస్తాడు. మరి కంట్రోలరుకు కళ్లేవి? అవి మోటారులో ఉంటాయి. వాటి పేరు హాల్ సెన్సర్లు. మొత్తం మూడు. అయస్కాంతం దగ్గరికి వస్తే ఇవి గుర్తుపడతాయి. చక్రం ఏ స్థితిలో ఉందో కంట్రోలరుకు కబురు పెడతాయి. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ అనే శాస్త్రవేత్త అయస్కాంతానికి ఉన్న ఈ గుణాన్ని కనిపెట్టాడు. అందుకే ఆయన పేరు.

ఏ తీగ ఎక్కడికి?

తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఎక్కువ బండ్లలో ఇలా ఉంటాయి.

లావు ఎరుపు, లావు నలుపు: బ్యాటరీ నుంచి వస్తాయి. ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. ఇవి తారుమారైతే కంట్రోలరు కాలిపోవచ్చు.

లావు పసుపు, లావు ఆకుపచ్చ, లావు నీలం: మోటారుకు పోయే మూడు ఫేజులు.

సన్నని ఐదు తీగల జాకు: హాల్ సెన్సర్లది. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం.

సన్నని మూడు తీగల జాకు: ఎక్సలేటరుది.

సన్నని రెండు తీగల జాకు: బ్రేకుది. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆగాలి. ఆ కబురు దీని గుండా పోతుంది.

పెట్టె మీద చీటీ చదవండి

కంట్రోలరు మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడక్కరలేదు. అంకెలు మనకు తెలిసినవే. అక్షరాలు మూడు గుర్తుపడితే చాలు.

గరాటు బొమ్మలాంటి అక్షరం వి. అది వోల్టుల గుర్తు.

రెండు గరాటులు పక్కపక్కన అంటుకుని ఉంటే డబ్ల్యూ. అది వాట్ల గుర్తు.

ఇంటి కప్పుకు మధ్యలో అడ్డ దూలం పెట్టినట్టుంటే ఏ. అది ఆంపియర్ల గుర్తు. ఆంపులు అని కూడా అంటారు.

వోల్టులంటే చెరువులో నీటి ఎత్తులాంటిది. ఆంపులంటే తూములో పారే నీరు. ఈ రెండూ గుణిస్తే వచ్చేది వాట్లు. అంటే జరిగే పని.

ఒక చీటీ మీద ఇలా ఉందనుకుందాం:

48 వి
250 డబ్ల్యూ
15 ఏ
42 వి

మొదటి అంకె బ్యాటరీ వోల్టులు. రెండోది మోటారు వాట్లు. మూడోది ఈ కంట్రోలరు బ్యాటరీ నుంచి ఎక్కువలో ఎక్కువ లాగే కరెంటు. నాలుగోది అడుగు గీత. బ్యాటరీ 42 వోల్టులకు దిగితే కంట్రోలరు మోటారును ఆపేస్తుంది. చెరువు పూర్తిగా ఎండిపోకుండా నీరటి తూము మూసినట్టు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. 48ని 15తో గుణిస్తే 720 వస్తుంది. మరి చీటీ మీద 250 అని ఎందుకుంది? 250 వాట్లు మోటారు ఎక్కువసేపు మోయగల బరువు. 720 అనేది మిట్ట ఎక్కేటప్పుడు, బండి కదిలేటప్పుడు కాసేపు మాత్రమే. మనమూ అంతే కదా! బిందె రెండు మైళ్లు మోస్తాం. బస్తా అయితే పది అడుగులే మోస్తాం.

కొత్తది ఎంచుకునేటప్పుడు

పాత పెట్టె చీటీ, కొత్త పెట్టె చీటీ పక్కపక్కన పెట్టి చదవండి. నాలుగు చూడాలి.

ఒకటి: వోల్టులు సరిపోవాలి. 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండితే 54 వోల్టులు దాటుతుంది. 60 వోల్టుల బ్యాటరీ నిండితే 67 దాకా, ఇంకా పైకి కూడా పోతుంది. 48 వోల్టుల కంట్రోలర్లలో చాలావాటికి కండెన్సరు 63 వోల్టుల వరకే తట్టుకుంటుంది. దానికి 60 వోల్టుల బ్యాటరీ పెడితే కండెన్సరు పేలవచ్చు.

రెండు: ఆంపులు పాతవాటికి మించకూడదు. "పెద్దది వేద్దాం, బాగా లాగుతుంది" అని ఎవరైనా అంటారు. 15 ఆంపుల చోట 30 ఆంపులది వేస్తే బ్యాటరీ మీద భారం రెట్టింపు అవుతుంది. బ్యాటరీ లోపలి కాపలా బోర్డు కరెంటు ఆపేస్తుంది. లేదా తీగలు, జాకులు వేడెక్కి కరిగిపోతాయి.

మూడు: మోటారుకు హాల్ తీగలు ఉంటే కంట్రోలరుకూ ఆ జాకు ఉండాలి. హాల్ లేకుండా నడిపే కంట్రోలర్లు కూడా ఉన్నాయి. అవి ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు కొంచెం తడబడతాయి.

నాలుగు: డిస్‌ప్లే ఉన్న బండి అయితే దానికి కుదిరే కంట్రోలరే కావాలి. రెండూ ఒక భాషలో మాట్లాడుకోవాలి. కంపెనీ వేరైతే జాకు దూరినా మాట కలవకపోవచ్చు.

ముందు చూడండి, తర్వాత కొనండి

ఒక ఉదాహరణ చూద్దాం. కూరగాయలు అమ్మే ఒకామె బండి ఆగింది. షెడ్డుకు తోసుకొచ్చింది. కుర్ర మెకానిక్ తాళం తిప్పాడు. ఎక్సలేటరు తిప్పాడు. చక్రం తిరగలేదు.

"కంట్రోలరు పోయిందక్కా. కొత్తది తెప్పిస్తా."

"పోయిందని ఎట్లా తెలిసింది తమ్ముడూ?"

"ఎక్సలేటరుకు పలకట్లేదు కదక్కా."

"వెనకాల బ్రేకు లైటు చూడు. నేను బ్రేకు పట్టుకోలేదు, నువ్వూ పట్టుకోలేదు. లైటు ఎందుకు వెలుగుతోంది?"

మెకానిక్ వెనక్కి తిరిగి చూశాడు. బ్రేకు పిడి దగ్గర స్విచ్చులో మట్టి పట్టింది. లోపలి మీట పైకి రాకుండా ఇరుక్కుంది. బ్రేకు పట్టే ఉందని కంట్రోలరు అనుకుంటోంది. అందుకే మోటారుకు కరెంటు వదలడం లేదు. స్విచ్చు తుడిచి నూనె చుక్క వేస్తే లైటు ఆరింది. చక్రం తిరిగింది.

"నిజమేనక్కా. ముందు ఇదే చూడాల్సింది" అన్నాడు ఆ అబ్బాయి.

ఇక్కడ కంట్రోలరు తప్పేమీ లేదు. కబురు తప్పు వచ్చింది. అందుకే కొనేముందు ఈ వరసలో చూడాలి. బండి నడిమి స్టాండు మీద ఉండాలి. వెనక చక్రం నేలకు తగలకూడదు. పిల్లలు దగ్గర ఉండకూడదు. చీర కొంగు, చున్నీ దోపుకోవాలి.

1. బ్యాటరీలో ఛార్జి ఉందా? సీటు కింద ఎంసీబీ పడిపోయిందా? ఫ్యూజు కాలిందా?

2. బ్రేకు పట్టకుండానే బ్రేకు లైటు వెలుగుతోందా? అయితే స్విచ్చు ఇరుక్కుంది. లైటు లేని బండి అయితే తాళం తీసి బ్రేకు జాకు విడదీయాలి. మళ్లీ తాళం వేసి చూడాలి. అప్పుడు మోటారు తిరిగితే తప్పు ఆ స్విచ్చుదే. బాగుచేశాక జాకు మళ్లీ తగిలించడం మరవద్దు.

3. జాకులు వదులయ్యాయా? లోపల పచ్చగా చిలుము పట్టిందా? నల్లగా కాలిందా? నీళ్లు చేరాయా?

4. చక్రం ఇరుసు దగ్గర తీగ నలిగిందా? ఇరుసు నట్టు వదులైతే ఇరుసు తిరిగి తీగను తెంపుతుంది. ఇది తరచుగా జరిగేదే. నట్టు బిగువు నెలకొకసారి చూసుకోవాలి.

5. తాళం తీసి, ఎంసీబీ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. మోటారులో గేర్లు ఉన్న సైకిలు అయితే వెనక్కి తిప్పండి. చక్రం ఆగి ఆగి, బరువుగా తిరుగుతోందా? అయితే మెకానిక్ చేత మూడు లావు తీగలు విడదీయించండి. వాటి కొసలు ఒకదానికొకటి తగలకూడదు. ఇప్పుడు మళ్లీ తిప్పండి. చక్రం తేలిగ్గా తిరిగితే కంట్రోలరులో మాస్‌ఫెట్లు పోయినట్టే. అప్పటికీ బరువుగానే ఉంటే తప్పు మోటారులో ఉంది, లేదా దాని తీగలో ఉంది.

బండి తీరును బట్టి కూడా జబ్బు తెలుస్తుంది. మోటారు గుర్రుమని వణికి ముందుకు పోకపోతే హాల్ తీగలో గానీ, ఫేజు తీగలో గానీ తప్పు ఉంటుంది. ఒక ఫేజు పోతే పొలం మోటారు గుర్రుమన్నట్టే ఇదీ. తాళం తిప్పగానే బండి దానంతట అదే ఉరికితే ఎక్సలేటరు తప్పు. ఇది చాలా ప్రమాదం. వెంటనే తాళం తీసెయ్యండి. బాగయ్యే దాకా ఆ బండి ఎక్కొద్దు.

మీటరుతో చేసే పరీక్షలు మెకానిక్ చేస్తాడు. మీరు పక్కన నిలబడి అంకెలు చదవండి. ఎక్సలేటరు ఎరుపు, నలుపు తీగల మధ్య సుమారు 5 వోల్టులు ఉండాలి. మూడో తీగ మీద సుమారు 1 వోల్టు ఉండాలి. ఎక్సలేటరు తిప్పుతుంటే అది మెల్లగా 4 వోల్టుల దగ్గరికి పెరగాలి. పెరగకపోతే ఎక్సలేటరు మార్చాలి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే ఒక్కో హాల్ తీగ మీద అంకె ఒకసారి సున్నా దగ్గరికి, ఒకసారి 5 దగ్గరికి మారాలి. ఒక తీగ మీద మారకపోతే ఆ కన్ను పోయింది, లేదా ఆ తీగ తెగింది.

పోయిన పెట్టె బాగవుతుందా?

కొన్ని బాగవుతాయి. పెట్టె విప్పి, కాలిన మాస్‌ఫెట్లు తీసి, అదే నంబరువి సోల్డరింగ్ చేస్తారు. ఒకటి పోతే మిగతావి కూడా పరీక్షించాలి. మళ్లీ బిగించేటప్పుడు అవి అల్యూమినియం గోడకు ఆనుకుని ఉండాలి. మధ్యలో వేడి దిగడానికి తెల్లని పేస్టు పూస్తారు. అది లేకపోతే కొత్తవీ కాలిపోతాయి. లోపలంతా నల్లని జిగురు పోసి గట్టిపరచిన పెట్టెలు కొన్ని ఉంటాయి. వాటిని విప్పడం కుదరదు.

ఈ పని ఇంట్లో చెయ్యొద్దు. బ్యాటరీ తీసినా కండెన్సరులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. షాకు కొడుతుంది. వారంటీ ఉన్న బండి అయితే ఎవరి చేతా పెట్టె విప్పించొద్దు. కంపెనీ సర్వీసుకే పోవాలి.

కొత్త పెట్టెకు నేర్పాలి

కొత్త కోడలికి ఇంటి పద్ధతులు చెప్పినట్టు, కొత్త కంట్రోలరుకు మోటారును పరిచయం చెయ్యాలి. చాలా కంట్రోలర్లలో దీనికి రెండు సన్నని తీగలు ఉంటాయి. ఎక్కువగా తెల్లవి. వీటిని లర్నింగ్ తీగలు అంటారు.

చక్రం నేలకు తగలకుండా నిలబెట్టాలి. రెండు తీగలూ కలిపి తాళం వెయ్యాలి. చక్రం దానంతట అదే తిరుగుతుంది. ముందుకు తిరిగితే సరే. వెనక్కి తిరిగితే తీగలు ఒకసారి విడదీసి మళ్లీ కలపాలి. దిక్కు మారుతుంది. సరైన దిక్కుకు తిరిగాక తీగలు విడదీసి, కొసలకు వేరువేరుగా టేపు చుట్టాలి.

డిస్‌ప్లే ఉన్న బండికి కొన్ని అంకెలు కూడా పెట్టాలి. బ్యాటరీ వోల్టులు ఎన్ని? చక్రం సైజు ఎంత? చక్రం సైజు తప్పు పెడితే స్పీడు తప్పు చూపిస్తుంది. ఏ అంకె మార్చినా ముందు పాత అంకె కాగితం మీద రాసుకోండి. తేడా వస్తే మళ్లీ పాతది పెట్టుకోవచ్చు.

స్పీడు పెంచుతామంటే?

"స్పీడు లాకు తీసేస్తా, 40లో పోతుంది" అని కొందరు అంటారు. పని చిన్నదే. ఒక తీగ లూపు, లేదా డిస్‌ప్లేలో ఒక అంకె. దాని వెనక ఉన్నది మాత్రం పెద్ద విషయం.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక లెక్క ఉంది. మోటారు 250 వాట్ల లోపు ఉండాలి. స్పీడు గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీ లేకుండా బండి బరువు 60 కిలోలు దాటకూడదు. ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఇవన్నీ ఉంటే దానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. లైసెన్సు అక్కరలేదు.

స్పీడు పెంచితే ఆ వెసులుబాటు పోతుంది. అప్పుడు అది చట్టం కంట్లో మోటారు వాహనం. రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. అవి లేకుండా ప్రమాదం జరిగితే కేసు, ఖర్చు నడిపినవాళ్ల మీద పడతాయి. పైగా ఆ బండి బ్రేకులు 25 స్పీడుకే చేసినవి. వెనక కూర్చునేది మన పిల్లలే.

బ్యాటరీ జోలికి పోవద్దు

కంట్రోలరు పనిలో భాగంగా బ్యాటరీ విప్పుతామంటే ఒప్పుకోవద్దు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ పైనున్న లాడ్జీని కమ్మేసింది. 8 మంది చనిపోయారు. కాబట్టి బండిని గుమ్మానికి, మెట్లకు అడ్డంగా పెట్టి ఛార్జింగ్ పెట్టొద్దు. అందరూ నిద్రపోయే గదిలో అసలే పెట్టొద్దు. బ్యాటరీకి ఇచ్చిన ఛార్జరే వాడండి.

వానాకాలం జాగ్రత్త

కంట్రోలరుకు మొదటి శత్రువు నీళ్లు. పెట్టెను తీగల మూతి కిందికి ఉండేలా బిగించాలి. తీగ కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి. అప్పుడు నీటిచుక్క తీగ వెంట పెట్టెలోకి పోకుండా కింద రాలిపోతుంది. బండిని పంపు పైపుతో గట్టిగా కొట్టి కడగొద్దు. తడిగుడ్డతో తుడవండి. మోకాలి లోతు నీళ్లలో నడపొద్దు.

గుర్తుంచుకోండి

"పోయింది" అంటే "ఎలా తెలిసింది?" అని అడగండి.
కొత్తదాని చీటీ మీరే చదవండి.
పాత పెట్టె అడిగి తీసుకోండి.
రసీదు మీద వోల్టులు, ఆంపులు, వారంటీ తేదీ రాయించుకోండి.

కొత్త మాటలు

కంట్రోలరు, వోల్టు, ఆంపియరు, వాటు, సెన్సరు, కండెన్సరు, మాస్‌ఫెట్, వారంటీ, రసీదు

చదివి చెప్పండి

1. కంట్రోలరును నీరటితో ఎందుకు పోల్చారు?
2. బ్రేకు స్విచ్చు ఇరుక్కుంటే మోటారు ఎందుకు తిరగదు?
3. 48 వోల్టుల కంట్రోలరుకు 60 వోల్టుల బ్యాటరీ పెడితే ఏమవుతుంది?
4. 25 కిలోమీటర్ల స్పీడు దాటేలా బండిని మారిస్తే ఏమేమి కావాలి?

లెక్క చేయండి

1. ఒక బండిలో 12 వోల్టుల బ్యాటరీలు 4 ఉన్నాయి. వరసగా కలిపారు. మొత్తం ఎన్ని వోల్టులు?
2. బ్యాటరీ 36 వోల్టులు. కరెంటు 7 ఆంపులు. ఎన్ని వాట్లు?

చేసి చూడండి

మీ ఇంట్లో గానీ, మీ వాడలో గానీ ఛార్జింగ్ బండి ఉంటే దాని కంట్రోలరు మీది అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. బండి బాగున్నప్పుడే రాసుకోవాలి. చీటీ చెరిగిపోయినా, పెట్టె కాలిపోయినా మీ రాత మిగిలి ఉంటుంది.